వీపీఎన్ ఆన్ చేస్తే మెయిల్ అవుట్‌బాక్స్‌లోనే ఆగిపోతోందా? ఫోన్‌లోనే సరిచేసుకునే పద్ధతి

చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ అకౌంట్స్ చూసేవాళ్లకైనా, తిరుపతిలో ఇంటి దగ్గరే కూర్చుని బెంగళూరు కంపెనీకి పనిచేసేవాళ్లకైనా ఈ ఇబ్బంది ఒకే రూపంలో వస్తుంది. ఫోన్‌లో వీపీఎన్ (నెట్ రాకపోకలను ఇంకో సర్వర్ గుండా దాచి పంపే యాప్) ఆన్‌లో ఉంటుంది. కొత్త మెయిల్స్ టంచనుగా వస్తుంటాయి. ఇన్‌వాయిస్ జతచేసి సెండ్ నొక్కితే మాత్రం అది అవుట్‌బాక్స్‌లోనే ఉండిపోతుంది. వచ్చేవి వస్తున్నాయి కాబట్టి నెట్ బాగానే ఉందనుకుని, తప్పు పాస్‌వర్డ్‌లో ఉందేమో, యాప్‌లో ఉందేమో అని వెతుకుతారు. ఏదీ తేలకపోతే ఖాతానే ఫోన్‌లోంచి తీసేసి మళ్లీ కలుపుతారు. దయచేసి ఆ పని చేయకండి. ఖాతా తీసేస్తే అవుట్‌బాక్స్‌లో ఆగిన మెయిల్స్ దానితోపాటే పోతాయి. మెయిల్స్‌ను సర్వర్‌లోంచి ఫోన్‌లోకి దింపుకునే పాప్ పద్ధతిలో పెట్టుకున్న ఖాతా అయితే, ఫోన్‌లో మాత్రమే మిగిలిన పాత మెయిల్స్ కూడా పోవచ్చు.

ముందుగా ఆగిన మెయిల్‌లోని మాటలు కాపీ చేసి నోట్స్‌లో పెట్టుకోండి. అటాచ్‌మెంట్ ఫోన్‌లో ఎక్కడుందో చూసుకోండి. తర్వాతే రిపేరు మొదలుపెట్టండి. ఇంకో మాట, విసుగుతో సెండ్ పదిసార్లు నొక్కవద్దు. దారి తెరుచుకోగానే ఆ పదీ ఒకేసారి అవతలివాళ్లకు చేరతాయి.

వచ్చేవి వస్తాయి, పోయేవి ఎందుకు పోవు?

పోర్టు అంటే సర్వర్‌లోకి పోయే నంబరు ఉన్న తలుపు లాంటిది. మెయిల్ తెచ్చుకోవడానికి ఫోన్ వాడే పోర్టు వేరు, పంపడానికి వాడే పోర్టు వేరు. తెచ్చుకునే పద్ధతి ఐమ్యాప్ (మెయిల్స్ సర్వర్‌లోనే ఉంటాయి) అయితే 993, పాప్ అయితే 995. పంపే పద్ధతి పేరు ఎస్‌ఎంటీపీ. దానికి మూడు పోర్టులున్నాయి: 25, 465, 587. బ్రౌజర్‌లో తెరిచే వెబ్‌మెయిల్ మాత్రం సాధారణంగా రాకకూ పోకకూ 443 ఒక్కదాన్నే వాడుతుంది.

వీపీఎన్ కంపెనీల సర్వర్ల వెనక దాక్కుని స్పామ్ పంపేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఒకే ఐపీ చిరునామాను (నెట్‌లో యంత్రాన్ని గుర్తించే నంబరు) వందలమంది పంచుకుంటారు కాబట్టి, వాళ్లలో ఒక్కడు స్పామ్ పంపినా ఆ చిరునామా మొత్తం బ్లాక్‌లిస్టుకు ఎక్కుతుంది. అందుకే చాలా కంపెనీలు 25వ పోర్టును పూర్తిగా మూసేస్తాయి. కొన్ని ఇంకో అడుగు ముందుకేసి 465, 587 కూడా ఆపేస్తాయి, లేదంటే పేరున్న మెయిల్ సర్వర్లకు మాత్రమే తెరిచి ఉంచుతాయి. 993 జోలికి ఎవరూ పోరు, ఎందుకంటే మెయిల్ తెచ్చుకోవడంలో స్పామ్ ఏమీ లేదు. మీ ఫోన్‌లో ఇన్‌బాక్స్ పనిచేస్తూ అవుట్‌బాక్స్ ఆగడానికి ఎక్కువసార్లు కారణం ఇదే.

25 అసలు ఫోన్ వాడాల్సిన పోర్టే కాదు. అది సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పోర్టు. మనలాంటివాళ్లు మెయిల్ అప్పగించడానికి 587ను కేటాయించారు. 2018లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8314 అనే ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం, మొదటి క్షణం నుంచే ఎన్‌క్రిప్షన్‌తో నడిచే 465ను వాడమని సిఫారసు చేసింది. చాలా ఏళ్ల కింద ఎవరో పెట్టిచ్చిన సెట్టింగ్‌లను ఫోన్ మార్చినప్పుడల్లా అలాగే ఎక్కించుకుంటూ వచ్చినవాళ్ల దగ్గర ఇప్పటికీ 25 కనిపిస్తుంది. మీది అదే అయితే మిగతా భాగం చదివే ముందు దాన్ని మార్చండి. కొంతమందికి అక్కడితో పని అయిపోతుంది.

ముందు జబ్బు ఎక్కడో తేల్చుకోవాలి

ఏ సెట్టింగూ ముట్టుకోకుండా ఈ వరుసలో పరీక్ష చేయండి. ప్రతిసారీ మీ చిరునామాకే, అటాచ్‌మెంట్ లేకుండా, ఒక్క వాక్యం మెయిల్ పంపుకోండి.

1. వైఫై ఆపి, వీపీఎన్ ఆపి, మొబైల్ డేటాతో పంపండి. ఇప్పుడు కూడా వెళ్లకపోతే తప్పు వీపీఎన్‌ది కాదు. పాస్‌వర్డో, సర్వర్ పేరో, పోర్టో చూడాలి.
2. మొబైల్ డేటా అలాగే ఉంచి వీపీఎన్ ఆన్ చేసి పంపండి. ఇక్కడ ఆగితే వీపీఎన్ వైపే వెతకాలి.
3. వీపీఎన్ ఆన్‌లోనే ఉంచి, బ్రౌజర్‌లో వెబ్‌మెయిల్ తెరిచి అదే మెయిల్ పంపండి. ఇది వెళ్లి, యాప్ నుంచి వెళ్లకపోతే ఎస్‌ఎంటీపీ పోర్టు మూసేసినట్టే అనుకోవచ్చు.
4. వీపీఎన్‌లో లొకేషన్ మార్చి యాప్ నుంచి మళ్లీ పంపండి. ఒక లొకేషన్‌లో ఆగి ఇంకోదాంట్లో వెళ్తే, మొదటి ఐపీ చిరునామాకు చెడ్డపేరు వచ్చి ఉంటుంది.
5. మాటలు మాత్రమే ఉన్న మెయిల్ వెళ్తోందంటే, ఇప్పుడు 3 ఎంబీ ఫొటో జతచేసి చూడండి. చిన్నది వెళ్లి పెద్దది ఆగితే అది పూర్తిగా వేరే సమస్య. దాని గురించి కింద విడిగా ఉంది.

వీపీఎన్ మార్చిన ప్రతిసారీ మెయిల్ యాప్‌ను రీసెంట్ యాప్స్‌లోంచి తోసేసి మళ్లీ తెరవండి. పాత కనెక్షన్‌నే పట్టుకుని ఉంటే పరీక్ష ఫలితం తప్పుగా వస్తుంది.

ఆండ్రాయిడ్‌లో నెట్‌వర్క్ టూల్స్ యాప్ ఏదైనా ఉంటే అందులోని పోర్ట్ స్కానర్‌తో మీ మెయిల్ సర్వర్ పేరు కొట్టి 465, 587 చూడవచ్చు. ఓపెన్ అని వస్తే దారి ఉంది. రిఫ్యూజ్డ్ అని వెంటనే వస్తే అవతలి యంత్రం దొరికింది గానీ ఆ పోర్టులో వినేవాళ్లు లేరు, లేదా అక్కడి నుంచి తిప్పికొట్టారు. చాలాసేపు తిరిగి టైమ్‌డ్ అవుట్ అని వస్తే మధ్యలో ఎవరో ప్యాకెట్లను (డేటా ముక్కలను) చప్పుడు లేకుండా పారేస్తున్నారు. వీపీఎన్ కంపెనీ మూసేసిన పోర్టు ఎక్కువగా ఇలాగే కనిపిస్తుంది.

మీ యాప్ అసలు ఎస్‌ఎంటీపీ వాడుతోందా?

జీమెయిల్ యాప్‌లో జీమెయిల్ ఖాతా ఉంటే అది ఎస్‌ఎంటీపీ వాడదు. గూగుల్ సొంత పద్ధతిలో 443 మీదే పంపుతుంది. కాబట్టి అక్కడ మెయిల్ ఆగి క్యూడ్ అని చూపిస్తుంటే పోర్టుల గురించి ఆలోచించడం దండగ. ఆ ఖాతాకు సింక్ ఆఫ్ అయిందేమో, డేటా సేవర్ ఆన్‌లో ఉందేమో, ఫోన్ స్టోరేజీ నిండిందేమో చూడండి. అన్నీ బాగుంటే వీపీఎన్ తెగగానే నెట్ మొత్తం ఆపేసే కిల్ స్విచ్‌ను అనుమానించండి.

అదే జీమెయిల్ యాప్‌లో మీ కంపెనీ సొంత పేరుతో ఉన్న డొమైన్ ఖాతాను అదర్ అని ఎంచుకుని కలిపి ఉంటే, అది అచ్చంగా ఐమ్యాప్, ఎస్‌ఎంటీపీల మీదే నడుస్తుంది. ఐఫోన్ మెయిల్ యాప్‌లో చేత్తో కలిపిన ఖాతాలూ అంతే. ఒకే ఫోన్‌లో, ఒకే యాప్‌లో సొంత జీమెయిల్ వెళ్తూ కంపెనీ మెయిల్ ఆగిపోవడానికి కారణం ఇదే.

సెట్టింగ్‌లు: ఏది ఎక్కడ

ఆండ్రాయిడ్ జీమెయిల్ యాప్‌లో మూడు గీతల మెనూ తెరిచి సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఆ ఖాతా మీద నొక్కి, అవుట్‌గోయింగ్ సెట్టింగ్స్ తెరవండి. సర్వర్ పేరు, పోర్టు, సెక్యూరిటీ టైప్ మూడూ అక్కడే ఉంటాయి. రిక్వైర్ సైన్ ఇన్ ఆన్‌లో ఉండాలి. దాని కింద యూజర్‌నేమ్ అంటే మొత్తం మెయిల్ చిరునామా, పాస్‌వర్డ్ నింపి ఉండాలి.

ఐఫోన్‌లో ఐఓఎస్ 18 నుంచి సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో మెయిల్, అందులో మెయిల్ అకౌంట్స్. పాత వెర్షన్లలో సెట్టింగ్స్‌లోనే మెయిల్, తర్వాత అకౌంట్స్. మీ ఖాతా తెరిచి ఎస్‌ఎంటీపీ మీద నొక్కి, ప్రైమరీ సర్వర్ తెరవండి. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ గళ్లలో లేత అక్షరాలతో ఆప్షనల్ అని ఉంటుంది. ఆప్షనల్ కదా అని వదిలేస్తారు. దాదాపు ఏ మెయిల్ సర్వరూ ఇప్పుడు ఆ రెండూ లేకుండా మెయిల్ తీసుకోదు. నింపి తీరాలి.

ఖాళీగా వదిలేసినా ఆఫీసులో పనిచేసింది, వీపీఎన్ వేయగానే ఆగింది అంటే దానికీ లెక్క ఉంది. కొన్ని ఆఫీసుల సొంత మెయిల్ సర్వర్లు తమ నెట్‌వర్క్‌లోని ఐపీ నుంచి వచ్చే మెయిల్‌ను పాస్‌వర్డ్ అడగకుండానే తీసుకుంటాయి. వీపీఎన్ వేయగానే మీరు బయటివాళ్లయిపోతారు. అప్పుడు సర్వర్ 550 అనే అంకెతో రిలేయింగ్ డినైడ్ (బయటివాళ్ల మెయిల్ చేరవేయను) అని తిప్పి పంపుతుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ నింపితే సరిపోతుంది.

పోర్టుకూ సెక్యూరిటీకీ జత తప్పకూడదు. 465 పెడితే ఎస్‌ఎస్‌ఎల్/టీఎల్‌ఎస్ (మొదటి నుంచే ఎన్‌క్రిప్షన్) ఎంచుకోండి. 587 పెడితే స్టార్ట్‌టీఎల్‌ఎస్ (మామూలుగా మొదలై తర్వాత ఎన్‌క్రిప్షన్‌కు మారేది) ఎంచుకోండి. 465కు స్టార్ట్‌టీఎల్‌ఎస్ పెడితే ఎర్రర్ కూడా వెంటనే రాదు. ఫోన్ ఒక భాష కోసం, సర్వర్ ఇంకో భాష కోసం ఎదురుచూస్తూ టైమ్ అవుట్ దాకా అలాగే ఉంటాయి. ఐఫోన్‌లో స్టార్ట్‌టీఎల్‌ఎస్ అనే మాట కనిపించదు. యూజ్ ఎస్‌ఎస్‌ఎల్ ఆన్‌లో ఉంచి పోర్టు మార్చితే చాలు.

జీమెయిల్‌కు ఎస్‌ఎంటీపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్, 465 లేదా 587. యాహూకు ఎస్‌ఎంటీపీ డాట్ మెయిల్ డాట్ యాహూ డాట్ కామ్, అవే పోర్టులు. మైక్రోసాఫ్ట్ 365 కంపెనీ ఖాతాకు ఎస్‌ఎంటీపీ డాట్ ఆఫీస్365 డాట్ కామ్, 587 (465 పనిచేయదు). హోస్టింగ్‌తోపాటు తీసుకున్న డొమైన్ మెయిల్ అయితే సర్వర్ పేరు, పోర్టు హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్‌లో రాసి ఉంటాయి. ఊహించి కొట్టకండి. ఒక పోర్టు వీపీఎన్‌లో మూసి ఉన్నా రెండోది తెరిచి ఉండే అవకాశం ఉంది. కాబట్టి రెండూ ఉన్న ఖాతాలో 587 ఆగితే 465, అది ఆగితే 587 పెట్టి చూడటం మొట్టమొదటి మందు.

ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పాలి. మెయిల్ వెళ్లడం లేదని సెక్యూరిటీ టైప్‌లో నన్ పెట్టడం, ఐఫోన్‌లో ఎస్‌ఎస్‌ఎల్ ఆపేయడం, సర్టిఫికెట్ ఏదైనా ఒప్పుకోమనే ఆప్షన్ ఎంచుకోవడం చేయవద్దు. వీపీఎన్ ఉంది కదా అనుకుంటారు. వీపీఎన్ మీ ఫోన్ నుంచి దాని సర్వర్ వరకే దాచుతుంది. అక్కడి నుంచి మెయిల్ సర్వర్ వరకు మీ పాస్‌వర్డ్ బట్టబయలుగా పోతుంది. దీనికి తిరగేసి చూడండి: ఎస్‌ఎస్‌ఎల్ ఆన్‌లో ఉంటే వీపీఎన్ లేకపోయినా మీ మెయిల్ సర్వర్ దాకా భద్రంగానే వెళ్తుంది. అర్జంటుగా ఒక మెయిల్ పోవాలంటే ఒక్క నిమిషం వీపీఎన్ ఆపడంలో పెద్ద ప్రమాదం లేదు. ఎస్‌ఎస్‌ఎల్ ఆపడంలో ఉంది.

535 వస్తే వీపీఎన్‌ను తిట్టవద్దు

535 అనే ఎర్రర్ అంకె వస్తే, సర్వర్ దాకా వెళ్లారు, లోపలికి రానివ్వలేదు. పోర్టు బాగానే ఉంది. గూగుల్ వ్యక్తిగత ఖాతాలకు 2022 మే 30 నుంచి మామూలు పాస్‌వర్డ్‌తో ఇతర యాప్‌లను అనుమతించడం మానేసింది. ఔట్‌లుక్ డాట్ కామ్ ఖాతాలకు మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబర్ 16 నుంచి అదే చేసింది. జీమెయిల్‌కైతే టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, యాప్ పాస్‌వర్డ్ తయారుచేసుకుని ఆ 16 అక్షరాలను అవుట్‌గోయింగ్ పాస్‌వర్డ్ గడిలో పెట్టాలి. ఇన్‌కమింగ్ గడిలో మార్చి అవుట్‌గోయింగ్‌లో మర్చిపోతే, అచ్చం వీపీఎన్ సమస్యలాగే కనిపిస్తుంది. రావడం వస్తాయి, పోవడం పోవు.

వీపీఎన్ వేసినప్పుడు మాత్రమే 535 వస్తోందంటే, కొత్త ఊరి నుంచి లాగిన్ అని ఖాతాకు అనుమానం వచ్చి ఉండవచ్చు. తిరుపతిలో ఉన్న మీరు పది నిమిషాల్లో నెదర్లాండ్స్‌లో కనబడితే ఏ భద్రతా వ్యవస్థైనా ఆపుతుంది. బ్రౌజర్‌లో గూగుల్ ఖాతా తెరిచి సెక్యూరిటీ పేజీలో ఇటీవలి లాగిన్ హెచ్చరికను చూసి, అది నేనే అని చెప్పండి. ఆ తర్వాత ఒకే లొకేషన్‌కు కట్టుబడి ఉండండి.

లొకేషన్ ఇండియా పెట్టినా వేగం తక్కువగా ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. వీపీఎన్ కంపెనీలు వినియోగదారుల వివరాలను ఐదేళ్లు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించాక, పేరున్న కొన్ని కంపెనీలు తమ సర్వర్లను మన దేశం నుంచి తీసేశాయి. వాటిలో కొన్ని భారతీయ ఐపీనే ఇస్తూ, సర్వర్లను మాత్రం సింగపూర్ లాంటి చోట్ల నడుపుతున్నాయి. చిత్తూరు నుంచి చెన్నైకి పోవాల్సిన మెయిల్ సముద్రం దాటి తిరిగి వస్తుందన్నమాట.

వీపీఎన్ యాప్‌లో మార్చాల్సినవి

ఆండ్రాయిడ్‌లో అన్నిటికంటే మంచి పరిష్కారం స్ప్లిట్ టన్నెలింగ్. వీపీఎన్ యాప్ సెట్టింగ్స్‌లో ఆ ఆప్షన్ తెరిచి, మెయిల్ యాప్‌ను వీపీఎన్ నుంచి మినహాయించండి. బ్రౌజింగ్ వీపీఎన్ గుండా, మెయిల్ నేరుగా వెళ్తాయి. ఎస్‌ఎస్‌ఎల్ ఆన్‌లో ఉన్నంతవరకు భద్రతకు లోటు లేదు. అయితే ఫోన్ సెట్టింగ్స్‌లో వీపీఎన్ పక్కన గేర్ గుర్తు నొక్కితే వచ్చే బ్లాక్ కనెక్షన్స్ వితౌట్ వీపీఎన్ ఆన్‌లో ఉంటే, మినహాయించిన యాప్‌కు అసలు నెట్టే అందదు. స్ప్లిట్ పెట్టాక మెయిల్ పూర్తిగా ఆగిపోయిందనేవాళ్లు చూడాల్సింది అక్కడే.

ఐఫోన్‌లో మామూలు వీపీఎన్ యాప్‌లకు ఇలా యాప్ వారీగా వేరుచేసే అవకాశాన్ని ఆపిల్ ఇవ్వలేదు. అది కంపెనీ నిర్వహణలో ఉన్న ఫోన్లకే ఉంది. ఐఫోన్ వాడేవాళ్లు పోర్టు మార్చడం, లొకేషన్ మార్చడం, వెబ్‌మెయిల్ వాడటం, వీపీఎన్ కంపెనీని ఆ పోర్టు తెరవమని అడగడం, వీటిలో ఒకటి ఎంచుకోవాలి.

బ్యాటరీ ఆప్టిమైజేషన్‌లోంచి వీపీఎన్ యాప్‌ను తప్పించండి. స్క్రీన్ ఆరిపోయాక ఫోన్ వీపీఎన్‌ను చంపేస్తుంది, కిల్ స్విచ్ నెట్ మొత్తం ఆపేస్తుంది, మెయిల్ నేపథ్యంలో వెళ్లాల్సింది ఆగిపోతుంది. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు మలుపులు తిరుగుతుంటే సిగ్నల్ వచ్చిపోతూ ఉంటుంది. అలాంటి చోట్ల వీపీఎన్ యాప్‌లో ఐకెఈవీ2 లేదా వైర్‌గార్డ్ ప్రోటోకాల్ (కనెక్ట్ అయ్యే పద్ధతి) పెట్టుకుంటే తెగిన లైను త్వరగా అతుక్కుంటుంది. టీసీపీ (ప్రతి ప్యాకెట్ చేరిందో లేదో చూసుకునే రవాణా పద్ధతి) మీద నడిచే ఓపెన్‌వీపీఎన్ అనే ప్రోటోకాల్ అలా కాదు, తెగిన ప్రతిసారీ మొదటి నుంచి కనెక్ట్ కావాలి. పెద్ద అటాచ్‌మెంట్ అయితే కొండ ఎక్కేదాకా ఆగి పంపడం మేలు.

లాడ్జి వైఫై, రైల్వే స్టేషన్ వైఫైల దగ్గర వరుస ముఖ్యం. ముందు వీపీఎన్ ఆపాలి. వైఫైకి కనెక్టయి, ఫోన్ నంబరు, ఓటీపీ ఇచ్చే లాగిన్ పేజీ పూర్తిచేయాలి. ఆ తర్వాతే వీపీఎన్ వేయాలి. వీపీఎన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా పెట్టినవాళ్లకు ఆ లాగిన్ పేజీయే తెరుచుకోదు. కొన్ని లాడ్జిల రౌటర్లు వైర్‌గార్డ్ నడిచే యూడీపీ అనే రవాణా పద్ధతిని ఆపేస్తాయి. వైర్‌గార్డ్ కనెక్ట్ కాకపోతే అక్కడ మాత్రం ఓపెన్‌వీపీఎన్‌ను టీసీపీ 443 మీద పెట్టాలి.

చిన్న మెయిల్ వెళ్తుంది, పీడీఎఫ్ జతచేస్తే ఆగుతుంది

ఇది పోర్టు సమస్య కాదు, ప్యాకెట్ సైజు సమస్య. మామూలు నెట్‌వర్క్‌లో ఒక ప్యాకెట్ 1500 బైట్ల వరకు పోతుంది. వీపీఎన్ ప్రతి ప్యాకెట్‌ను ఇంకో కవర్‌లో పెట్టి అతికిస్తుంది. వైర్‌గార్డ్ కవర్ బరువు పాత ఐపీ పద్ధతి ఐపీవీ4 మీద 60 బైట్లు, కొత్తది ఐపీవీ6 మీద 80. అందుకే దాని ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) సాధారణంగా 1420 ఉంటుంది. దారిలో ఏదో ఒక చోట దానికంటే ఇరుకుగా ఉండి, ఇది పట్టదు అని చెప్పే ఐసీఎంపీ సందేశాన్ని కూడా ఎవరో ఆపేస్తే, నిండు ప్యాకెట్లు మాయమైపోతుంటాయి. ఫోన్‌కు కారణం తెలియదు, మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది. ఒక్క వాక్యం మెయిల్‌కు నిండు ప్యాకెట్ అవసరం రాదు కాబట్టి అది వెళ్లిపోతుంది. పీడీఎఫ్ పంపేటప్పుడు మాత్రం గీత కొంతదూరం కదిలి నిలిచిపోతుంది.

వైర్‌గార్డ్ యాప్‌లో టన్నెల్‌ను ఎడిట్ చేసి ఎంటీయూ గడిలో 1280 పెట్టండి. ఐపీవీ6కు అదే కనీస సైజు, దాదాపు ఎక్కడైనా పడుతుంది. వేగం కొద్దిగా తగ్గుతుంది, మెయిల్‌కు అది తెలియదు. వీపీఎన్ కంపెనీ యాప్‌లో ఆ గడి లేకపోతే ప్రోటోకాల్ మార్చి చూడండి. 1280తో పనిచేస్తే ఓపిక ఉన్నవాళ్లు 1340, 1380 అంటూ పెంచి చూసుకోవచ్చు. లేకపోతే అక్కడే వదిలేసినా నష్టం లేదు.

దీన్నీ, సర్వర్ పరిమితినీ కలిపేసుకోకండి. అటాచ్‌మెంట్ మెయిల్‌లో ఎక్కేటప్పుడు బేస్64 అనే అక్షరాల రూపంలోకి మారి మూడో వంతుకు పైగా ఉబ్బుతుంది. సర్వర్ 20 ఎంబీ అనుమతిస్తే 15 ఎంబీ ఫైలే అటు ఇటు అవుతుంది. అప్పుడు 552 ఎర్రర్ వస్తుంది. వీపీఎన్ ఆపినా అదే వస్తుంది. ఫైలును డ్రైవ్‌లో పెట్టి లింకు పంపాలి.

వెళ్లింది గానీ తిరిగొచ్చింది

554 గానీ 550 గానీ వచ్చి, పక్కన బ్లాక్డ్, బ్లాక్‌లిస్ట్, స్పామ్‌హాస్ (బ్లాక్‌లిస్టులు నడిపే సంస్థ) లాంటి మాటలు కనిపిస్తే వీపీఎన్ ఐపీ పేరు చెడిందని అర్థం. జీమెయిల్ సర్వర్ ద్వారా పంపితే అవతలివాళ్లకు కనబడేది గూగుల్ ఐపీ కాబట్టి ఈ బెడద తక్కువ. చిన్న హోస్టింగ్ సర్వర్లు మాత్రం పాస్‌వర్డ్ అడగకముందే మీ ఐపీని బ్లాక్‌లిస్టులో వెతుకుతాయి. పైగా అదే ఐపీ నుంచి ఎవరో తప్పుడు పాస్‌వర్డ్‌లు కొట్టి ఉంటే, ఆ సర్వర్ ఫైర్‌వాల్ ఆ ఐపీని మొత్తంగా ఆపేసి ఉంటుంది. మీ తప్పు ఏమీ లేకుండా మీరు అందులో ఇరుక్కుంటారు. లొకేషన్ మార్చడమే తక్షణ మార్గం. ఆఫీసు మెయిల్ రోజూ పంపాల్సినవాళ్లు తమకు మాత్రమే కేటాయించే డెడికేటెడ్ ఐపీ తీసుకోవడం మంచిది. ఉచిత వీపీఎన్‌తో వ్యాపారపు మెయిల్ పంపాలని కూర్చోవడం సమయం వృథా.

మీరు పనిచేసే కంపెనీ ఇచ్చిన వీపీఎన్ అయితే అందులో మీరు ఏదీ మార్చకండి. కొన్నిచోట్ల మెయిల్ సర్వర్ వీపీఎన్ లోపలే కనబడుతుంది, సర్వర్ పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ కూడా వాళ్లదే. ఫోన్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్‌కు ఏదో సర్వర్ పేరు పెట్టి ఉంటే ఆ లోపలి పేరు దొరకదు. దాన్ని ఆటోమేటిక్‌లో పెట్టి చూసి, అప్పటికీ కాకపోతే ఐటీ విభాగానికి చెప్పండి. కలెక్టరేట్ వంటి ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసేవాళ్లకైతే బయటి వీపీఎన్‌లు వాడవద్దని 2022 జూన్‌లో ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ భద్రతా మార్గదర్శకాలే చెప్పాయి. వాళ్ల ఆఫీసు మెయిల్‌కు ఈ చిట్కాలు వర్తించవు.

వీపీఎన్ కంపెనీకో హోస్టింగ్ వాళ్లకో ఫిర్యాదు రాసేటప్పుడు మెయిల్ పోవడం లేదు అని మాత్రమే రాస్తే రెండు రోజులు ప్రశ్నలతోనే గడిచిపోతాయి. ఇలా రాయండి: "ఆండ్రాయిడ్ ఫోన్, జీమెయిల్ యాప్‌లో డొమైన్ ఖాతా. సర్వర్ పేరు ఇది. 465, 587 రెండూ టైమ్‌డ్ అవుట్. 993 పనిచేస్తోంది. వీపీఎన్ ఆపితే రెండూ పనిచేస్తున్నాయి. ప్రోటోకాల్ వైర్‌గార్డ్, లొకేషన్ సింగపూర్, అప్పుడు చూపించిన ఐపీ ఇది, సమయం భారత కాలమానం ప్రకారం ఉదయం 11:20. ఈ సర్వర్‌కు 465 తెరవగలరా?" ఎర్రర్ స్క్రీన్‌షాట్ జతచేయండి, పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ రాయకండి. ఈ ఫిర్యాదును వెబ్‌మెయిల్ నుంచి పంపండి.